ప్రతి ఏడో పేరు

తిరుపతిలో పలమనేరు తొలి బస్సెక్కి
ఒళ్ళో ఇరవై మూడు ప్రశ్నల కట్టతో
బంగారుపాళ్యం ముందే దిగిపోయాను.
గుజ్జు ఫ్యాక్టరీ కంటికి కనపడకముందే
ముక్కుకు తెలిసింది.

సార్ చెప్పి పంపారు:
నచ్చిన ముఖం దగ్గర ఆగిపోకు,
నవ్వినవాళ్ళనే అడిగి రాకు,
హాజరు పుస్తకం తెరిచి
ప్రతి ఏడో పేరు తీసుకో.
నమూనా అంటే అదీ,
అందులో నీ ఇష్టానికి పీట వెయ్యకు.

ఏడు: మొగిలమ్మ.
కత్తి ఆపకుండానే జవాబులన్నీ చెప్పేసింది.
పద్నాలుగు: దొరసానమ్మ, యాభై రెండేళ్ళు.
మేస్త్రీ పళని కేకేస్తే
తోతాపురి గుట్ట వెనక నుంచి లేచొచ్చిన మనిషికి
ముప్పై కూడా ఉండవు.

"పేరు?" అన్నాను.
అన్నిటికన్నా తేలికని
మొదట పెట్టుకున్న ప్రశ్న అది.

"ఏ పేరు కావాల మేడమ్?
బుక్కులో ఉండేదా, నాదా?"

పళని అప్పుడే
ఆకాశంలో మబ్బులు చూడ్డం మొదలుపెట్టాడు.
తెలిసీ తెలియనట్టు ఉండడం
అతని ఉద్యోగంలో సగం.

"దొరసానమ్మ మా అత్త.
మూడేండ్ల కింద బొటనేలు తెగింది.
పేరు ఖాళీగా ఉంటే ఇంగొకరొచ్చి కూసుంటారని
నేనొచ్చి కూసున్యా.
నన్ను సెల్వి అంటారు. పుట్టిల్లు గుడియాత్తం పక్క."

అంతస్తు రెండు రకాలని రాసి
మొన్ననే పద్దెనిమిది మార్కులు తెచ్చుకున్నాను:
పుట్టుకతో వచ్చేది, సంపాదించుకునేది.
అత్త దగ్గర అరువు తెచ్చుకున్నది
ఏ పేజీలో ఉందో గుర్తుకు రాలేదు.

తొమ్మిదో ప్రశ్న. కుటుంబ పెద్ద ఎవరు?
"రేషన్ కార్డులోనా?
అప్పోడు తలుపు తట్టేటప్పుడా?
చట్టిలో అన్నం చాలనప్పుడా?"
నేను ఒక్క గడే గీసుకొచ్చాను.

"ఊరికే నిలబడి చూస్తే ఏం తెలస్తాది, కూసో"
అని కత్తి చేతికిచ్చింది.
దీన్ని సహభాగి పరిశీలన అంటారని చెప్పబోయి ఊరుకున్నాను.
తను ఒక గంప ఖాళీ చేసేలోపు
నేను కోసింది పదకొండు కాయలు.
సొన మణికట్టు దాకా పాకి మండింది.
కొబ్బరినూనె డబ్బా నా వైపు తోసి
మళ్ళీ తన గంప వైపు తిరిగింది.

సద్ది తినేటప్పుడు
అడగడం వాళ్ళ వంతయింది.
ఈ రాతకి నీకెంతిస్తారు?
మీ ఇంట్లో మామిడికాయ కోసేదెవరు?
నీకు మార్కులొస్తే మాకేమన్నా వస్తాదా?
మొదటిదానికి నవ్వాను.
రెండోదానికి అమ్మ అని చెప్పాను, వెంటనే కాదు.
మూడోదానికి
'జవాబు లేదు' అన్న గడి
నా ఫారంలోనే ఉంది.

రాత్రి హాస్టల్ గదిలో
పద్నాలుగో ఫారానికి చీమలు పట్టాయి.
తొమ్మిదో ప్రశ్న మీద బారులు తీరి
చాలాసేపు ఏదో తేల్చుకున్నాయి.

"అందుబాటులో లేరు అని రాసెయ్" అన్నారు సార్,
చెడ్డ మనిషేం కాదు,
"లేకపోతే నమూనా పాడవుతుంది."
అందుబాటులో లేనిదెవరు?
తోటకూర కట్టలు కడుతూ ఇంటి అరుగు మీద దొరసానమ్మ ఉంది,
ఆ పేరు మీద జీతం ఉంది,
పేరు వెనక చేతులున్నాయి,
నూనె రాసినా మండే చేతులు.
అన్నీ రాస్తే పళని ఏం చేస్తాడో,
పై ఆఫీసు పళనిని ఏం చేస్తుందో
లెక్కలో చూపడానికి నాకు పట్టిక లేదు.

ఆఖరికి పద్నాలుగును ఉంచాను.
వయసు దగ్గర చెయ్యి కాస్త వణికింది.
నివేదిక అట్టడుగున
అందరూ రాసే వాక్యమే రాశాను:
గోప్యత కోసం పేర్లు మార్చడమైనది.

ఒక్క పేరు విషయంలో ఆ పని
నేను బస్సెక్కడానికి మూడేళ్ళ ముందే
ఎవరో చేసేశారని రాయలేదు.

ఇక్కడ కూడా
సెల్వి, సెల్వి కాదు.